టీవీ క్రైమ్ సీరియళ్లు: ఏళ్లకొద్దీ చూశాక

తెలుగువీ, హిందీ నుంచి డబ్ చేసినవీ ఏళ్లుగా వదలకుండా చూస్తున్నాను. ఐదుకు మూడు ఇస్తాను. సస్పెన్స్ నడపడంలో వంక పెట్టడానికి లేదు, మార్కులు పోయేది తప్పుల దగ్గరే.

నుదుటి మీద కట్టు కుడి నుంచి ఎడమకు మారినా, విచారణ గదిలో గడియారం తెల్లవార్లూ పదీ పది దగ్గరే ఉన్నా నేను పట్టించుకోను. ఆర్టిస్టు డేట్లు దొరికిన రోజే నాలుగు ఎపిసోడ్ల సీన్లు కలిపి తీసేస్తుంటారు. కంటిన్యుటీ చూసే అసిస్టెంట్ ఒక్క ఫోటో తీసుకోవడం మరిస్తే అంతే సంగతులు.

కథ నిలబడాల్సిన చోటే తప్పు చేస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. ఒక సీరియల్లో 2010 నాటి తిరుపతి ఫ్లాష్‌బ్యాక్ వచ్చింది. కారు నంబరు పట్టుకుని ఆర్టీవో ఆఫీసు రికార్డుల్లో హంతకుణ్ణి దొరకబుచ్చుకుంటారు. క్లోజప్‌లో చూస్తే ప్లేటు మీద ఏపీ 39! ఆ కోడ్ వచ్చిందే 2019లో. అంతకుముందు మా చిత్తూరు జిల్లా బండ్లన్నీ ఏపీ 03. ఆఫీసు బోర్డు మీద 'తిరుపతి జిల్లా' అని కూడా రాశారు. 2022 ఏప్రిల్ దాకా ఆ జిల్లానే లేదు. పైగా హీరో ఏసీపీ, అంటే పోలీసు కమిషనర్ కింద పనిచేసే అసిస్టెంట్ కమిషనర్. పోలీసు శాఖలో రిటైరైన మా చిన్నాయన ఉండబట్టలేక, "ఏమిరా, కమిషనరేట్ లేని ఊర్లోకి ఏసీపీ యాడ్నుంచి వచ్చినాడు? ఈడుండేది డీఎస్పీ గదా!" అన్నాడు.

శవం ఒంటి వేడి చూసి "రాత్రి పదకొండూ ఇరవైకి పోయాడు" అని తేల్చేసే డాక్టరు ఇంకో రకం. మనిషి ఒంటి వేడి 37 డిగ్రీలు. మే నెలలో తిరుపతిలో పగలు 40 దాటిపోతుంది. చుట్టూ గాలే అంతకంటే కాలిపోతుంటే శవం చల్లబడేదెట్లా? అసలు డాక్టర్లెవరూ నిమిషాల లెక్క చెప్పరు, ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల మధ్య అంటారు, అదీ అంచనాగానే.

ఇక క్లైమాక్స్. హంతకుడు స్టేషన్లో ఏడుస్తూ అంతా ఒప్పుకుంటాడు, కేసు క్లోజ్. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో నేరానికి సాక్ష్యంగా చెల్లదన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. 2024 జులై 1 నుంచి హత్యకు పాత ఐపీసీ సెక్షన్ 302 పోయి, కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 103 వచ్చిందని మాత్రం కొత్త సీరియళ్లు బాగానే పట్టుకున్నాయి. కాకపోతే 2021లో జరిగిన హత్యకు కూడా 103 కిందే కేసు పెట్టేస్తున్నారు. పాత నేరానికి పాత సెక్షనేనని ఆ రచయితలకు ఎవరూ చెప్పినట్టు లేదు.