గుంటూరు ఎండల్లో రోటరీ మైక్రోటోమ్: ఏళ్ల వాడకం తర్వాత

మైనంలో పోతపోసిన టిష్యూ దిమ్మని (బ్లాక్‌ని) మైక్రోస్కోపులో చూడ్డానికి పల్చటి పొరలుగా (సెక్షన్లుగా) కోసే మిషనే మైక్రోటోమ్. చేత్తో తిప్పే రోటరీ మైక్రోటోమ్ కొనబోయేవాళ్లు ముందు అడిగేది ఎంత పల్చగా కోస్తుందని. సర్జికల్ బయాప్సీలకు 3–4 మైక్రాన్లు చాలు, అది ఏ మంచి మిషనైనా ఇస్తుంది. చూడాల్సింది బ్లేడ్ హోల్డర్‌ని. మా దాంట్లో అది పక్కలకు జరుగుతుంది. 80 మిల్లీమీటర్ల బ్లేడ్‌లో ఒక చివర ట్రిమ్మింగ్‌కి (టిష్యూ కనబడేదాకా పై మైనం చెక్కడానికి), మిగతాది సెక్షన్లకి. జరగని హోల్డరైతే నడిమిభాగం మొద్దుబారగానే బ్లేడంతా పారేయాలి.

క్లియరెన్స్ యాంగిల్ (బ్లేడుకీ బ్లాక్ ముఖానికీ మధ్య వదిలే వాలు) మాకు 5 డిగ్రీల దగ్గర కుదిరింది. మరీ తక్కువైతే బ్లేడు బ్లాక్‌ని ఒరుసుకుని ఒక సెక్షన్ మందంగా, ఒకటి పల్చగా వస్తుంది. ఎక్కువైతే అడ్డగీతలు. అయితే బ్లాక్ క్లాంపు, బ్లేడ్ లివరు వదులైనా ఇవే లక్షణాలు కాబట్టి ముందు వాటిని బిగించి, ఆ తర్వాతే యాంగిల్ ముట్టుకోండి.

మే నెల లెక్క వేరు. 58–60 డిగ్రీలకు కరిగే మైనం కూడా వేడి గదిలో మెత్తబడి సెక్షన్ నలిగిపోతుంది. ట్రిమ్ చేశాక బ్లాక్‌ని ముఖం కిందికి పెట్టి 5–10 నిమిషాలు ఐస్ మీద ఉంచాలి. మరీ ఎక్కువసేపైతే మైనం పగులుతుంది. ఐస్ మీంచి తీసిన బ్లాక్ వేడెక్కుతూ ఉబ్బుతుంది, అందుకే మొదటి ఒకటి రెండు సెక్షన్లు మందంగా వస్తాయి. వదిలేయండి. ఎండోస్కోపీ ముక్కల్లో వదలడానికి టిష్యూ ఎక్కడిది! వాటికి ట్రిమ్మింగే 10 మైక్రాన్లకు తగ్గించి, ముక్క కనబడగానే ఆపాలి. వాటర్ బాత్ (సెక్షన్ ముడతలు పోయేలా తేలేసే వేడినీళ్ల తొట్టి) 45 డిగ్రీల దగ్గర సరిపోతుంది. కరెంటు పోయొచ్చిందంటే థర్మామీటర్ ముంచి చూడండి.

మిషన్‌ని తిట్టేముందు బ్లాక్‌ని చూడాలి. రొమ్ము ముక్కలో కొవ్వు ఊడి గుంట పడుతోందంటే తప్పు చాలాసార్లు గ్రాసింగ్ టేబుల్ (స్పెసిమెన్‌ని చూసి ముక్కలు కోసే బల్ల) దగ్గరే: ముక్కలు 3 మిల్లీమీటర్లకు మించి కోసుంటారు, లేదా టిష్యూకి పదింతల ఫార్మాలిన్‌లో (టిష్యూ చెడకుండా ఉంచే ద్రవంలో) 24 గంటలైనా ఉంచి ఉండరు. స్పెసిమెన్‌ని చిన్న డబ్బాలో కుక్కి పంపితే మైక్రోటోమ్ ఏం చేస్తుంది? నిలువు గీత పడితే బ్లేడ్‌ని పక్కకు జరపండి. గీత టిష్యూలో మళ్లీ అదే చోట వస్తే లోపల కుట్టు దారమో, స్టేపుల్ పిన్నో, క్యాల్షియం కణికో ఉన్నట్టే.

మిషన్‌ లోపాలూ ఉన్నాయి. ఐస్ నీళ్లు హోల్డర్ సందుల్లోకి దిగి తుప్పు పడుతుంది, ముసురు రోజుల్లో మరీను. సాయంత్రం బ్లేడ్ తీసేసి, పొడి బ్రష్‌తో మైనం పొట్టు దులిపి, హోల్డర్ తుడిచి పల్చగా నూనె రాయాలి. మైనం కరిగించే గ్జైలీన్ వాడితే పెయింటూ ప్లాస్టిక్ మూతలూ పోతాయి. పొట్టు ట్రే చిన్నది, నిండి నేలమీద పడ్డ మైనం భలే జారుతుంది. చక్రం లాక్ మాత్రం గట్టిది. బ్లాక్ మార్చేటప్పుడు లాక్‌తో పాటు బ్లేడ్ గార్డ్ కూడా వేయాల్సిందే.

గర్భసంచి కండరం, డీకాల్సిఫై చేసిన (క్యాల్షియం తీసేసిన) ఎముక లాంటి గట్టి బ్లాకుల్లో పట్టు ఎక్కడ తగులుతోందో చేతికి తెలుస్తుంది కాబట్టి మాకు ఇదే నయం. రోజంతా బ్లాకులు ఆగకుండా వచ్చే ల్యాబ్ అయితే భుజాల కోసమైనా మోటారుది కొనండి.