ఒకే మంచు, రెండు ముగింపులు: 1902 కథ మేలా, 1908 కథ మేలా?

అమెరికన్ రచయిత జాక్ లండన్ ‘టు బిల్డ్ ఎ ఫైర్’ అనే పేరుతో రెండు కథలు రాశాడు. 1902లో ‘యూత్స్ కంపానియన్’ పత్రికలో వచ్చినదాంట్లో టామ్ విన్సెంట్ బతికి బయటపడతాడు. 1908 నాటి కథలో మనిషికి పేరే లేదు, గడ్డకట్టి చనిపోతాడు. ప్రాణాపాయం కథల్ని పోల్చి వ్యాసం రాయమంటే 1908 కథ పక్కన ఏ ఓడ మునిగిన కథనో పెట్టాలనిపిస్తుంది. వద్దు. చోటు, మనిషి, ఆపద అన్నీ వేరైతే తేడా దేనివల్ల వచ్చిందో తేలదు. ఈ రెండింటినే జతగా తీసుకోండి.

రెండింట్లోనూ కాళ్లు నీళ్లలో తడుస్తాయి. రెండింట్లోనూ చెట్టు కింద వేసిన మంట మీద కొమ్మల మంచు కూలుతుంది. పుల్లలు ఏరుతూ కదిపిన కొద్దిపాటి కదలికకే పైకొమ్మ మంచు కింది కొమ్మ మీద, అది దాని కింది కొమ్మ మీద పడుతుంది. తేడా ఆ తర్వాతే. టామ్ చేతులు కాల్చుకునైనా మంట నిలబెట్టుకుంటాడు. 1908 మనిషి వేళ్లు పనిచేయక 70 అగ్గిపుల్లలూ ఒకేసారి గీస్తాడు. చిన్న మంట అంటుకుంటుంది, దాని మీద పచ్చినాచు ముక్క పడుతుంది. దాన్ని తీయబోతే వణుకుతున్న వేళ్లు మంటనే చెదరగొడతాయి. వ్యాసంలో ఎక్కువ చోటు ఈ నాచు ముక్కకివ్వండి.

ఇక ‘ఒంటరిగా ప్రయాణం చేయొద్దు’ అనే మాట. 1902లో అది మొదట్లోనే వచ్చి, మళ్లీ చివరి వాక్యంలో నీతిగా వస్తుంది. 1908లో ఓ ముసలాయన ముందే చెప్పిన హెచ్చరిక, మనిషి తేలిగ్గా తీసుకున్నది. అందుకే 1908 కథే మేలని నా తీర్పు: నీతిని చివర్లో చెప్పించుకోం, మొదట్నుంచీ భయపడుతూ చదువుతాం.

అంకెల్లో జాగ్రత్త. 1908 కథలో చలి సున్నాకు 75 డిగ్రీలు కింద, అదీ ఫారెన్‌హీట్‌లో. సెల్సియస్‌లో దాదాపు మైనస్ 59. అందులోనే ‘107 డిగ్రీల మంచు’ అని ఉంటుంది. నీరు గడ్డకట్టే 32 నుంచి కిందికి లెక్కేస్తే వచ్చే అంకె అది. 107 ఫారెన్‌హీట్ ఉష్ణోగ్రత అనుకున్నారో, దాదాపు 42 సెల్సియస్ అవుతుంది, అంటే మన కర్నూలు మే నెల మధ్యాహ్నం!

వ్యాసాన్ని ఒక కథ అయ్యాక ఇంకో కథగా నడిపితే రెండు కథాసంగ్రహాలు తయారై పోలిక మిగలదు. మంట, హెచ్చరిక, కుక్క అని అంశాల వారీగా నడపండి, సంగ్రహం ఆరు లైన్లు దాటనీయొద్దు.

కుక్క దగ్గరికొచ్చేసరికి 1902 పక్క ఖాళీ, టామ్ ఒక్కడే. 1908లో మనిషి వెంట ఉన్న కుక్కకు థర్మామీటర్ తెలియదు గానీ ఇది నడిచే చలి కాదని తెలుసు. మనిషి దాన్ని చంపి ఆ వెచ్చదనంలో చేతులు పెట్టుకోవాలనుకుంటాడు, కత్తి పట్టే వేళ్లే లేవు. చివరికి చావు వాసన పసిగట్టి కాసేపు ఊళపెట్టి, మంట వేసేవాళ్లు, తిండి పెట్టేవాళ్లు ఉన్న క్యాంపు దారి పడుతుంది. రెండో కథలో ఎక్కువైనదేమిటో ఆ ఖాళీని ఖాళీగానే చూపించి రాయండి.