మ్యూనిక్ నుంచి షూటింగ్ సామాను: ఏది తెచ్చుకోవాలి, ఏది అక్కడే వదిలేయాలి

ముందే చెప్పేస్తున్నా, ఇది రైఫిల్ కొనడం గురించి కాదు. రైఫిల్ సంగతి వేరు, దాని పర్మిషన్లు, కాగితాల గోల వేరు. ఇది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఆడే పిల్లలున్న ఇళ్ల కోసం రాస్తున్నా. ఆఫీసు పని మీద జర్మనీ వెళ్తున్నారని తెలియగానే కోచ్ దగ్గర్నుంచి రేంజ్‌లో పక్క లేన్ పిల్లాడి వాళ్ల నాన్న దాకా తలా ఒక చీటీ చేతిలో పెడతారు కదా, ఆ చీటీల్లో దేనికి సరే అనాలి, దేనికి "చూద్దాంలెండి" అని నవ్వి ఊరుకోవాలి అన్నదే విషయం.

మా అమ్మాయి జూనియర్స్‌లో ఆడుతుంది. పిస్టల్ వాళ్లని చూస్తే నాకు కాస్త కుళ్లు కూడా, ఒక పెట్టె పట్టుకుని వస్తారు, ఆడతారు, వెళ్లిపోతారు. రైఫిల్‌కి జాకెట్, ప్యాంటు, బూట్లు, గ్లవ్, స్టాండు, గురి చూసే సైట్లు, అలెన్ కీలు... పెళ్లివారు దిగినట్టు ఉంటుంది. ఇందులో సగం మన దగ్గరే దొరుకుతుంది, మంచివే దొరుకుతాయి. కానీ చిన్న చిన్న సైట్ సామాను విషయానికొస్తే జర్మనీలో ఉన్నంత ఎంపిక ఇక్కడ లేదు. రైఫిళ్లు చేసే కంపెనీల్లో వాల్తర్, అన్‌షుట్జ్ రెండూ ఉల్మ్ అనే ఒకే ఊరివి, ఫైన్‌వెర్క్‌బావు ఓబెర్న్‌డోర్ఫ్‌ది, ఐరిస్‌లు (సైట్ రంధ్రాన్ని చిన్నదీ పెద్దదీ చేసేవి) చేసే గేమన్ కార్ల్స్‌రూహెది. ఈ ఆటకి అది పుట్టిల్లు.

2024 జూన్ మొదట్లో నేను మ్యూనిక్‌లో ఉన్నప్పుడే అక్కడ షూటింగ్ వరల్డ్ కప్ జరుగుతోంది. రేంజ్ ఊరి బయట గార్షింగ్ వైపు హోఖ్‌బ్రూక్‌లో, 1972 ఒలింపిక్స్‌కి కట్టింది. యూ6 మెట్రో ఎక్కితే ఆ పేరుతోనే స్టేషన్ ఉంది, దిగి నడిచిపోవచ్చు. మన సరబ్‌జోత్ సింగ్ ఎయిర్ పిస్టల్‌లో గోల్డ్ కొట్టింది ఆ పోటీలోనే. అక్కడ స్టాళ్లు చూసి, మిగతావి ఊళ్లో ఒక షూటింగ్ సామాన్ల దుకాణంలో కొన్నాను.

అన్నిటికంటే బాగా పనికొచ్చింది వెనక సైట్‌కి పెట్టే ఐరిస్. గేమన్‌ది, రంగు ఫిల్టర్లు ఉన్న మోడల్, సుమారు వంద యూరోలు, అంటే తొమ్మిది వేల రూపాయలు. బొటనవేలంత ఉంటుంది. అంచు తిప్పుతుంటే లోపల సన్నటి రేకులు ఒకదాని మీదకి ఒకటి జారి రంధ్రం చిన్నదవుతుంది, 0.5 మిల్లీమీటర్ల నుంచి 3 దాకా. ఎంత మూసినా గుండ్రంగానే ఉంటుంది, అదీ దీని పనితనం. అంతకుముందు వాడినది బాగా మూసేసరికి రంధ్రం అంచులు పలకలు పలకలుగా కనిపించేవి. రంధ్రం సంగతి ఇంత పట్టించుకోవాలా అంటే, 10 మీటర్ల దూరంలో ఎయిర్ రైఫిల్ టార్గెట్ మీద పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. మన రేంజుల్లో వెలుతురు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, ఒకచోట ఎల్‌ఈడీ కళ్లు చెదిరేలా, ఇంకోచోట రెండు ట్యూబ్‌లైట్లు, అందులో ఒకటి కొట్టుకుంటూ. ఫిక్స్‌డ్ రంధ్రంతో పిల్లలు ఊరు మారినప్పుడల్లా కళ్లు చికిలించుకుని కష్టపడతారు. మా అమ్మాయి మొదటి రోజు పెట్టుకుని రెండు మూడు సార్లు అటూ ఇటూ తిప్పి, "నాన్నా, నల్ల గుండ్రం అంచు కత్తిరించినట్టుంది" అంది. అంతకంటే మార్కులు నేనేం వేయగలను. మర (థ్రెడ్) ఎం9.5 అని ఉంటుంది, మ్యాచ్ రైఫిళ్ల డయాప్టర్లకి (వెనక సైట్లకి) దాదాపు అన్నిటికీ అదే, అయినా మీ కోచ్‌ని ఒకసారి అడిగి వెళ్లండి.

ముందు సైట్‌లో పెట్టే రింగు దగ్గర మాత్రం జాగ్రత్త. రింగు కూర్చునే గొట్టాన్ని టన్నెల్ అంటారు, అందులో ఎం18 ఒకటి, ఎం22 ఇంకొకటి. ఒకదానిది ఇంకోదానికి పట్టదు, స్టాల్‌లో రెండూ పక్కపక్కనే పెట్టి ఉంటాయి, చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. నేను వెళ్లేముందే కోచ్ గారు కాలిపర్‌తో కొలిచి, ఫోటో తీసి, "సార్, స్టాల్ వాడేమన్నా వినకండి, ఈ ఫోటో చూపించండి" అన్నారు. ఆయన మాట విన్నందుకు డబ్బు మిగిలింది.

గ్లవ్ కూడా తేవచ్చు. రైఫిల్ గ్లవ్ ఒక్క చేతికే అమ్ముతారు, కుడిచేత్తో పేల్చేవాళ్లకి ఎడమ చేతిది, కాబట్టి బిల్లులో ఒకటే కనిపించిందని కంగారు పడకండి. అరచేతి వైపు, వెనక వైపు రెండూ కలిపి మందం 12 మిల్లీమీటర్లు దాటకూడదని అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య రూలు, పేరున్న కంపెనీలవి దానికి లోబడే ఉంటాయి. చెయ్యి కొలత కాగితం మీద గీసుకుని తీసుకెళ్లాను, సరిగ్గా సరిపోయింది. తోలు గట్టిగా ఉంది, రెండు వారాలు వాడితే గానీ మెత్తబడలేదు.

బూట్లకి నేను ఐదుకి మూడు వేస్తాను. బాగున్నాయి, కాదనను. కానీ సూట్‌కేసులో సగం చోటు తినేశాయి. పిల్లల పాదం ఏడాది తిరిగేలోగా పెరుగుతుంది. పైగా నిలబడి చూసుకోకుండా కొనే బూట్లు ఇవి కావు, మడమ దగ్గర కొంచెం వదులైనా బ్యాలెన్స్ పోతుందట. పాదం గీసిన కాగితం గ్లవ్ విషయంలో పనిచేసినంత బాగా ఇక్కడ పనిచేయలేదు, లోపల అదనంగా ఒక పొర వేసి సర్దాం.

జాకెట్ మాత్రం తేవద్దు. ఈ ఒక్క ముక్క గట్టిగా చెప్తా. అక్కడ వేలాడుతున్న రంగురంగుల జాకెట్లు చూస్తే చెయ్యి ఆగదు, నాకూ ఆగలేదు, ధర చీటీ తిప్పి చూసి మళ్లీ హ్యాంగర్‌కి తగిలించాను. రైఫిల్ జాకెట్ అంటే కోటు కాదు. నిలబడే భంగిమలో, రైఫిల్ పట్టుకున్నట్టు నిలబెట్టి కొలతలు తీసుకుని కుడతారు. ఆ మనిషి హైదరాబాద్‌లో ఉంటే మ్యూనిక్‌లో ఎవరిని కొలుస్తారు? గుండీలు మార్చాలన్నా, చంక దగ్గర విప్పాలన్నా మళ్లీ అక్కడికి పంపాలి. మందం ఒక పొరకి 2.5 మిల్లీమీటర్లు దాటకూడదు, మరీ బిర్రుగా ఉన్నా పరికరాల తనిఖీలో పరీక్ష పాసవ్వదు. మన దేశంలో కాపపీ లాంటివాళ్లు మంచి జాకెట్లు కుడుతున్నారు, బయటి దేశాల షూటర్లు కూడా వేసుకుంటున్నారు. ఇక్కడ ఇంత మంచిది ఉండగా అక్కడి నుంచి మోసుకు రావడం దేనికి?

రైఫిల్‌కి గాలి అందించే ఎయిర్ సిలిండర్ అసలొద్దు. 200 బార్ పీడనం పట్టే డబ్బా, ఖాళీది అయినా సరే స్కానర్‌లో చూసినవాడికి దడ పుడుతుంది, విమానం వాళ్లకి ముందుగా చెప్పాలి, ఒప్పుకోవాలి. దాని మీద తయారైన తేదీ ఉంటుంది, పదేళ్లు దాటితే పోటీలో పనికిరాదు, స్టాల్‌లో తగ్గింపు ధరకి ఇచ్చేవి ఏ ఏడాదివో ముందు చూడండి. పెల్లెట్లు కూడా నేను తేలేదు. 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండ్లు, ఒక్కోటి అర గ్రాము పైన, 500 ఉన్న ఒక్క డబ్బానే పావు కిలో దాటుతుంది. బరువు ఒక ఎత్తు, కస్టమ్స్ లెక్కలో ఎయిర్ గన్ పెల్లెట్లు ఆయుధాలు, మందుగుండు ఉన్న 93వ అధ్యాయంలోకే వస్తాయన్నది ఇంకో ఎత్తు. పైగా ఏ బ్యాచ్ పెల్లెట్ మీ బ్యారెల్‌కి కుదురుతుందో రైఫిల్ బిగించి పేల్చి చూస్తే గానీ తెలియదు, రైఫిల్ ఇంట్లో పెట్టి డబ్బాలు అక్కడ ఏరుకోవడం లాటరీ టికెట్ కొన్నట్టే. అసోసియేషన్ ద్వారానో ఇక్కడి దిగుమతిదారుల దగ్గరో తీసుకోండి.

ఇక డబ్బు లెక్క. నేను వచ్చినప్పుడు 2016 బ్యాగేజీ నిబంధనలు ఉన్నాయి, పెద్దవాళ్లకి ఒక్కొక్కరికి 50,000 రూపాయల దాకా సుంకం లేదు, దాటిన దాని మీద 35 శాతం, ఆ సుంకం మీద మళ్లీ 10 శాతం సర్‌చార్జి, మొత్తం 38.5 శాతం. అంటే లక్షా ఇరవై వేల సామాను తెస్తే 70,000 మీద దాదాపు 27,000 కట్టాలి. నాకు గురి ఎలా కదులుతోందో చూపించే ఎలక్ట్రానిక్ ట్రైనర్ ఒకటి కొనాలని మనసులో ఉండేది, ఈ లెక్క వేసుకున్నాక ఆశ వదిలేశాను. పరిమితులు మారుతుంటాయి కాబట్టి మీరు బయల్దేరే ముందు తాజాగా చూసుకోండి. నావి పరిమితి లోపే. శంషాబాద్‌లో బ్యాగు తెరవమన్నారు, ఐరిస్ చూసి కెమెరా లెన్సా అని అడిగారు, బిల్లులూ, అమ్మాయి రేంజ్‌లో ఉన్న ఫోటోలూ చూపించాను, పంపించేశారు. బిల్లులు విడివిడిగా, వస్తువు పేరుతో ఉండాలి, "స్పోర్ట్స్ గూడ్స్" అని ఒక్క ముక్క రాసిస్తే తీసుకోకండి. అలెన్ కీలు, స్క్రూడ్రైవర్లు చెక్-ఇన్ బ్యాగులోకి. ఐరిస్, రింగు నేను చేతి సంచిలోనే పెట్టుకున్నాను, ఎవరూ ఏమీ అనలేదు.

వ్యాట్ వాపసు దగ్గర నాకు మండింది. జర్మనీలో వ్యాట్ 19 శాతం, యూరోపియన్ యూనియన్ బయట ఉండేవాళ్లు ఒక బిల్లు 50 యూరోలు దాటితే వెనక్కి అడగొచ్చు, అందుకని చిన్న చిన్నవన్నీ ఒకే దుకాణంలో ఒకే బిల్లు మీద కొనడం మంచిది. ఫారం రాయించుకుని ఎయిర్‌పోర్ట్‌లో వస్తువు చూపించి కస్టమ్స్ ముద్ర వేయించుకోవాలి, బ్యాగు చెక్-ఇన్ చేశాక వెళ్తే చూపించడానికి వస్తువు ఉండదు. అక్కడంతా పద్ధతిగానే అయింది. నేను కొన్న దుకాణం వాడు మాత్రం కొనేటప్పుడు నవ్వుతూ "కాగితం పోస్టులో పంపండి, డబ్బు కార్డుకి వేస్తాం" అన్నాడు. పంపాను. మెయిల్ పెడితే "ప్రాసెస్‌లో ఉంది", మళ్లీ పెడితే అదే మెయిల్ కాపీ, మూడోసారి నుంచి అసలు జవాబే లేదు. సామాను నాణ్యతకి ఆ దుకాణానికి ఐదుకి నాలుగున్నర, అమ్మిన తర్వాత సేవకి ఒకటి. కార్డు మీదకి కాకుండా ఎయిర్‌పోర్ట్‌లోనే చేతికిచ్చే రిఫండ్ ఏజెన్సీతో ఒప్పందం ఉన్న దుకాణమైతే కొంత కమిషన్ పోయినా అక్కడే కొనండి.