కాన్వాస్ నీళ్ల సంచి: పొడి ఎండల్లో దాని పనితనం

ఆరుబయట ఎండలో పనిచేసేవారు చల్లటి నీళ్ల కోసం సాధారణంగా కొనేది రెండు గోడల స్టీలు ఫ్లాస్కు. అది పొద్దున పోసిన చల్లదనాన్ని చాలాసేపు నిలుపుతుంది గాని, వెచ్చబడిన నీళ్లను చల్లబరచలేదు. ఐసు దొరకని చోట ఆ పని చేసేది ముతక నారగుడ్డతో కుట్టిన నీళ్ల సంచి. ఐదు లీటర్లు పట్టే అలాంటి సంచిని ఒక వేసవంతా వాడిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను.

పోగుల సందుల్లోంచి నీరు సన్నగా చెమర్చి, పైన ఆవిరవుతూ, అందుకు కావలసిన వేడిని లోపలి నీటి నుంచే లాక్కుంటుంది. మట్టికుండ సూత్రమే ఇది; అయితే సంచి కింద పడినా పగలదు, ఖాళీ అయ్యాక మడిచి పెట్టుకోవచ్చు. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 580 కేలరీల వేడి కావాలి కనుక, లీటరు నీటిని 10 డిగ్రీలు చల్లబరచడానికి లెక్క ప్రకారం 17 గ్రాములు పోతే చాలు. చుట్టూ ఉన్న వేడిగాలి సంచిని మళ్లీ వెచ్చబరుస్తూనే ఉంటుంది కాబట్టి ఆచరణలో అంతకన్నా బాగా ఎక్కువే ఖర్చవుతుంది. నీళ్లు కొలత ప్రకారం తీసుకెళ్లేవారు ఈ తరుగును ముందే లెక్కలో వేసుకోవాలి.

ఎంత చల్లబడుతుందన్నది గాలిలోని తేమను బట్టి ఉంటుంది. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్నప్పుడు నీరు మహా అయితే 23 డిగ్రీల దాకా దిగగలదు. అదే ఎండలో తేమ 60 శాతం ఉంటే 33 దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి ఉక్కపోత ఉండే చోట్లకు ఈ సంచి దండగ. పొడి ప్రదేశాల్లో కూడా దీన్ని నీడలో, నాలుగు వైపులా గాలి తగిలేలా వేలాడదీయాలి. గోడకు ఆనించి పెడితే ఆ వైపు ఆవిరి పోదు. నేరుగా ఎండ తగిలితే వచ్చిన చల్లదనంలో చాలా భాగం వృథా అవుతుంది.

కొత్త సంచి అడుగు కుట్ల దగ్గర బొట్లు బొట్లుగా కారడం చూసి చాలామంది నాసిరకమనుకొని తిరిగి ఇచ్చేస్తారు. రాత్రంతా నీళ్లలో నానబెడితే నారపోగులు ఉబ్బి సందులు బిగుసుకుంటాయి. నా సంచికి కారుడు అలాగే తగ్గి, పైన పలుచటి చెమ్మ మాత్రమే మిగిలింది. మొదట్లో నీళ్లకు పచ్చి గుడ్డ వాసన ఉంటుంది. రెండు మూడు సార్లు నింపి పారబోశాక అది పోయింది.

నాకు నచ్చనిది మూతి. చెయ్యి పట్టనంత ఇరుకు కావడంతో లోపల రుద్ది కడగడం కుదరదు, వాడకం అయ్యాక లోపలి వైపు త్వరగా ఆరదు. తడి మీద మడిచి పెడితే బూజు పట్టడం ఖాయం. ఉప్పునీళ్లు పోస్తే పైన తెల్లటి పొర కట్టి చెమ్మ తగ్గుతుంది. అప్పుడప్పుడు వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టి, మంచినీళ్లతో జాడించాలి. భుజానికి తగిలించుకుంటే బట్టలు తడిసిపోతాయి కాబట్టి, నడిచి వెళ్లేవారికి నేను ఫ్లాస్కే చెబుతాను. ఒకేచోట పనిచేస్తూ, దగ్గర్లో చెట్టు కొమ్మో పందిరి రాటో ఉన్నవారు మాత్రం కొనవచ్చు. కొనేటప్పుడు లోపల ప్లాస్టిక్ పూత లేదని ఒకసారి తడిమి చూసుకోవాలి, పూత ఉన్న గుడ్డ నీటిని బయటికి చెమర్చనివ్వదు.