దీపాలదిన్నె నడక: అమరావతి స్తూపాన్ని ఊరివారి మాటల్లో చూపించే సేవపై సమీక్ష

గుంటూరు నుంచి అమరావతికి ఎన్నోసార్లు వెళ్లినా, బౌద్ధ స్తూపం ఉన్న దిబ్బను స్థానికులు దీపాలదిన్నె అని పిలిచేవారన్న సంగతి మొన్నటి ఆదివారం వరకు నాకు తెలియదు. ఆ ఊరి యువతీయువకులు కొందరు కలిసి నడుపుతున్న అరపూట నడక ఆ పేరుతోనే మొదలవుతుంది. విడతకు ఎనిమిదిమందిని మించి తీసుకువెళ్లరు. మనిషికి 300 రూపాయలు.

అమరావతి కథను మనం సాధారణంగా 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కోలిన్ మెకంజీ రాకతో ఎత్తుకుంటాం. మా వెంట వచ్చిన అమ్మాయి మాత్రం రాళ్లు చెక్కించిన దాతలతో ఎత్తుకుంది. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను సమర్పించిన విధికుడనే చర్మకారుడి శాసనాన్ని ఆమె తెలుగు లిపిలో రాసుకొచ్చి చదివినప్పుడు, మాతో ఉన్న ఒక పెద్దావిడ "ఇంకోసారి చదువు తల్లీ" అని అడిగారు. రెండవసారి ఇంకా నెమ్మదిగా చదివింది.

మెకంజీ వంతు వచ్చినప్పుడు కూడా ఆయన ఒక్కడి పేరుతో సరిపెట్టలేదు. ఆయనకు భాషలు, శాసనాలు, స్థానిక వృత్తాంతాలు అందించిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్యల గురించి చెప్పింది. ఇక్కడి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడి కాలంలో కట్టడాల కోసం ఇక్కడి రాళ్లు తవ్వుకుపోయారనీ, మెకంజీ 1816లో తిరిగి వచ్చేసరికి దిబ్బ నడుమ కుంట ఉందనీ దాచకుండా చెప్పింది. తప్పంతా పరాయివారి మీదకు నెట్టకపోవడం వల్లే ఆమె తరువాత చెప్పిన మాటలకు బలం వచ్చిందని నా అభిప్రాయం.

1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసులో ఎండకూ వానకూ ఏళ్ల తరబడి పడి ఉండి, 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. వాటిని ఇలియట్ మార్బుల్స్, అంటే ఇలియట్ పాలరాళ్లు, అన్నారు. అవి ఇలియట్‌వీ కావు, పాలరాళ్లూ కావు, పల్నాటి సున్నపురాళ్లు. బ్రిటిష్ మ్యూజియంలోని ఒక పలక ఫొటోను లామినేషన్ చేయించి తెచ్చిన అమ్మాయి, దిబ్బ అంచున మిగిలిన రాళ్ల పక్కన, ఖాళీ చోటుకు ఎదురుగా దానిని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, కాసేపు ఏమీ మాట్లాడకుండా నిలబడింది. పురావస్తుశాఖ మ్యూజియంలో నకళ్లను చూస్తున్నంతసేపూ నాకు ఆ ఖాళీ చోటే గుర్తుకు వచ్చింది.

లోపాలు లేకపోలేదు. మ్యూజియానికి కేటాయించిన ముప్పావుగంట ఏమాత్రం చాలదు. శాతవాహనుల ధాన్యకటకమైన ధరణికోట పక్కనే ఉన్నా అక్కడికి తీసుకువెళ్లలేదు. అన్నిటికంటే నన్ను బాధించినది, చేతికిచ్చిన కరపత్రం పూర్తిగా ఇంగ్లీషులో ఉండడం. ఊరి చరిత్రను ఊరివారికే తిరిగి అప్పగించాలని పూనుకున్నవారు ఊరి భాషను కాగితం మీదికి తేకపోతే ఎలా? ఆ మాట అంటే, మా వెంట వచ్చిన అమ్మాయి, అచ్చుకు ఇచ్చిన కుర్రవాళ్లు పర్యాటకులనే తలుచుకున్నారని ఒప్పుకుని, తెలుగు ప్రతి రాస్తున్నామని చెప్పింది. అది చేతికి రాగానే మా అమ్మను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్తాను.