ఎయిర్ రైఫిల్‌పై 3-9×40 స్కోపు: కోనసీమలో ఏళ్ల తరబడి వాడిన తరువాత

అమలాపురం సమీపంలోని మా కొబ్బరితోటలో, వెనుక ఎత్తైన మట్టికట్ట వేసుకుని కాగితపు టార్గెట్ల మీద సాధన చేసే .177 (గొట్టం వ్యాసం 0.177 అంగుళాలు) స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కు, 3 నుంచి 9 రెట్ల వరకు పెద్దదిగా చూపే, 40 మి.మీ. ముందు కటకమున్న ఈ స్కోపును (తుపాకీపై బిగించే గురి దుర్భిణిని) కొన్నేళ్లుగా వాడుతున్నాను.

స్కోపు కొనేవారు మొదట అడిగేది అది ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందని. అంతకన్నా ముందు తేల్చుకోవలసింది ఎంత దూరంలో కాలుస్తాం, ఏ తుపాకీతో కాలుస్తాం అన్నది. పెద్ద రైఫిళ్ల స్కోపులలో పారలాక్స్‌ను (కన్ను కదిలితే గురి కదిలినట్టు కనిపించే దోషాన్ని) సాధారణంగా 100 గజాల దూరానికి సరిచేసి ఉంచుతారు. అలాంటి దానితో 10 మీటర్ల టార్గెట్‌ను చూస్తే దృశ్యం మసకబారడమే కాక, తుపాకీ కదలకపోయినా కన్ను కాస్త పక్కకు జరిగితే చాలు, క్రాస్‌వైరు (స్కోపులోని గురిగీతలు) టార్గెట్ మీద జరిగినట్టు కనిపిస్తుంది. నా స్కోపులో ముందు కటకం చుట్టూ ఉన్న రింగును తిప్పి 10 మీటర్లకైనా 25 మీటర్లకైనా దీన్ని సరిచేసుకోవచ్చు. నేను డబ్బు పెట్టినది ప్రధానంగా ఈ రింగు కోసమే, దానికి పూర్తి ఫలితం దక్కింది.

రెండవది అదురు. స్ప్రింగ్ రైఫిల్‌లో పిస్టన్ దూకినప్పుడు తుపాకీ వెనక్కి తన్ని, పిస్టన్ ఆగగానే ముందుకు కుదుపుతుంది. వెనకటి తన్నును మాత్రమే దృష్టిలో పెట్టుకుని చేసిన స్కోపులు, ఖరీదైనవైనా, ఈ ముందు కుదుపుకు లోపల సడలిపోవచ్చు. అందుకే స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కు పనికివస్తుందని తయారీదారు స్పష్టంగా రాసినదే కొనాలి. తుపాకీ పైనుండే 11 మి.మీ. పట్టాల మీద మౌంటు (స్కోపును పట్టి ఉంచే బిగింపు) వెనక్కి జారకుండా స్టాప్ పిన్ కూడా తప్పనిసరి.

నైట్రోజన్ నింపిన గొట్టం కావడంతో ఇన్ని వర్షాకాలాలలో లోపల ఆవిరి పట్టలేదు. అయితే మన తేమకు కటకాల మీద బూజు పెరిగే ప్రమాదం ఉంటుంది కనుక, తోలు సంచిలో కాకుండా సిలికా జెల్ వేసిన డబ్బాలో భద్రపరుస్తాను.

9 రెట్ల దగ్గర కంటికి చేరే కాంతివలయం 4.4 మి.మీ. మాత్రమే, చెట్లనీడలో సాయంత్రం 4 రెట్లకు తగ్గిస్తే అదే 10 మి.మీ. అవుతుంది, టార్గెట్ తేటగా కనిపిస్తుంది. వేసవిలో కోసిన వరిచేల మీద వేడిగాలి అలలు లేచేటప్పుడు కూడా తక్కువ రెట్లే మేలు.

.22 రైఫిల్‌తో 50 మీటర్లలో కాల్చేవారికి 50 గజాలకు సరిచేసిన సాదా స్కోపు చాలు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం జరిగే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలకు సిద్ధమయ్యే పిల్లలకు అసలు స్కోపే కొనవద్దు. అక్కడ దానికి అనుమతి లేదు, రంధ్రపు సైట్లతోనే కాల్చాలి. కాలువగట్ల కొంగల మీద గురిపెట్టాలని స్కోపు అడిగేవారికి నేను ఏ సలహా ఇవ్వను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది.

నాకు నచ్చనిది టరెట్లే, అంటే గురిని సరిచేయడానికి మెట్టు మెట్టుగా (క్లిక్కులుగా) తిప్పే మరలు. పావు ఎం.ఓ.ఏ. (ఎం.ఓ.ఏ. అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) క్లిక్ గురిని 10 మీటర్లలో సుమారు 0.7 మి.మీ. మాత్రమే జరుపుతుంది, అంటే ఒక సెంటీమీటరుకు దాదాపు 14 క్లిక్కులు తిప్పాలి; ఆ క్లిక్కులేమో వేలికి స్పష్టంగా తెలియవు, పైనున్న అంకెలు కూడా చెరిగిపోయాయి.