ఆక్టేవియా ఆర్‌ఎస్‌కి వేరే కార్ల షాక్ అబ్జార్బర్లు: పదేళ్లు, మూడు సెట్లు

మా స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ (ఆక్టేవియాలో స్పోర్ట్ రకం) 2005 మోడల్. 2015లో విజయవాడలోనే సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అప్పటికి 96 వేల కిలోమీటర్లు తిరిగింది. ఈ పదేళ్లలో దానికి మూడు సెట్ల షాక్ అబ్జార్బర్లు (స్ప్రింగుల ఊగుడును ఆపే భాగాలు) వేయించాను. మొదటిది డీజిల్ ఆక్టేవియా నుంచి విప్పినది. రెండోది ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ కోసం తయారైనది. మూడోది గోల్ఫ్, ఆడి ఏ3ల షాక్స్ కోసం వెతుకుతుంటే కేటలాగులో తగిలిన బిల్‌స్టీన్ కంపెనీ బీ6. మూడూ బోల్టులకు చక్కగా కూర్చున్నాయి. కారుకు సరిపోయింది మాత్రం చివరిదే, అదీ స్ప్రింగులు మార్చాకే. ఈ కారును ఇంకా ప్రేమగా నడుపుకుంటున్నవాళ్లు కొందరున్నారు. వాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

అసలు వేరే కారు షాక్స్ దీనికెలా పడతాయని చాలామంది అడుగుతారు. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు పీక్యూ34 అనే ఒకే ప్లాట్‌ఫారం (కారు కింది నిర్మాణం) మీద ఎన్నో కార్లు తయారుచేసింది. 1996లో వచ్చిన మొదటి ఆడి ఏ3, అదే ఏడాది వచ్చిన మన ఆక్టేవియా, 1997 నాటి గోల్ఫ్ 4, దాని సెడాన్ రూపమైన బోరా, సియాట్ లియాన్, న్యూ బీటిల్ అన్నీ ఆ కుటుంబమే. ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ కలిసి ఉండే కాలు), వెనక టోర్షన్ బీమ్ (రెండు చక్రాలనూ కలిపే అడ్డ దూలం). వెనక పక్క స్ప్రింగు వేరుగా, షాక్ వేరుగా ఉంటాయి కాబట్టి షాక్ మార్చడం చాలా తేలిక. ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఇదే కుటుంబంలోని ఫోర్ వీల్ డ్రైవ్ కార్లకు వెనక టోర్షన్ బీమ్ ఉండదు, ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదిలేది) ఉంటుంది. వాటి వెనక షాక్స్ మనకు పనికిరావు. "గోల్ఫ్ 4వే" అని ఎవరైనా అమ్మజూపితే ముందు అడగాల్సింది అదే.

కొన్న కొత్తలో కారు పరిస్థితి ఇదీ. ఎన్‌హెచ్ 65 మీద నందిగామ దాటాక వంద వేగంలో చిన్న ఎత్తుపల్లం వస్తే చాలు, ముందు భాగం పడవలా రెండు మూడుసార్లు ఊగేది. లారీని దాటి మళ్లీ లేన్‌లోకి వస్తుంటే వెనక భాగం ఒక క్షణం ఆలస్యంగా వచ్చేది. 1.8 లీటర్ల టర్బో ఇంజిన్, సిలిండర్‌కు 5 వాల్వులు, 150 హార్స్‌పవర్. కాలు నొక్కితే దూకే కారు, మలుపు చూస్తే భయపడాల్సి రావడం బాధగా ఉండేది.

ఆటోనగర్‌లో మా మేస్త్రి గారికి పాతికేళ్ల అనుభవం. ఆయన కారు చుట్టూ తిరిగి, చేత్తో నాలుగు మూలలా నొక్కి చూసి, "బాబూ, నాలుగూ పోయినయ్. మన దగ్గరే డీజిల్ ఆక్టేవియా విప్పినవి ఉన్నయ్, ఏసేద్దాం" అన్నారు. డీజిల్ ఆక్టేవియాలు మన రోడ్ల మీద బాగా తిరిగాయి కాబట్టి పాత సామాన్లు దొరికేవి. చవకగా వస్తున్నాయి కదా అని సరేనన్నాను. ముందు స్ట్రట్లు, వెనక షాక్స్ ఒక్క మార్పు లేకుండా కూర్చున్నాయి. మొదటి నెల హాయిగా అనిపించింది. పూర్తిగా చచ్చిన షాక్స్ తీసి సగం అరిగినవి వేస్తే అలాగే అనిపిస్తుందని నాకు అప్పుడు తెలియదు.

చేత్తో నొక్కి వదిలి, "ఒక్కసారే లేచి ఆగింది, బాగుంది" అనడం మనకు అలవాటు. ఆ పరీక్షలో షాక్ చాలా నెమ్మదిగా కదులుతుంది. అరిగిన షాక్ కూడా అంత నెమ్మది కదలికను ఆపగలదు. రోడ్డు మీద గొయ్యి తగిలినప్పుడు పిస్టన్ అంతకు ఎన్నో రెట్లు వేగంగా కదులుతుంది. అక్కడ లోపలి వాల్వుల బలం తెలుస్తుంది. ఆ సెట్ 11 వేల కిలోమీటర్లు వచ్చింది. చివరికి ముందు టైర్ల అంచులు మెట్లు మెట్లుగా అరిగాయి. టైర్ మీద చెయ్యి పెట్టి నిమిరితే ఎగుడుదిగుడు తెలిసేది. విప్పిన షాక్స్ కొనొద్దని అప్పుడే నిర్ణయించుకున్నాను. ఈ మాట ఎవరికైనా గట్టిగానే చెబుతాను. స్ప్రింగు పాతది కొనవచ్చు, బాడీ ముక్క పాతది కొనవచ్చు, షాక్ మాత్రం వద్దు.

రెండో సెట్ 2017లో. విదేశాల్లో గోల్ఫ్ 4 కోసం అమ్మే మామూలు ట్విన్‌ట్యూబ్ (ఒకదానిలో ఒకటి రెండు గొట్టాలుండే) గ్యాస్ షాక్స్, కొత్తవి. దుబాయ్ నుంచి వచ్చే బంధువు చేత తెప్పించాను. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే తప్పు వాళ్లది కాదు. అవి చిన్న ఇంజిన్ గోల్ఫ్‌కు సరిపడే రకం. తేలికైన ముక్కు, మెత్తటి స్ప్రింగు ఉన్న కారుకు వాల్వులు కూడా మెత్తగానే పెడతారు. మన ఆర్‌ఎస్ ముక్కు బరువు వేరు, స్ప్రింగు గట్టిదనం వేరు. గట్టి స్ప్రింగును మెత్తటి షాక్ అదుపులో పెట్టలేదు. స్ప్రింగు నొక్కుకున్నాక తిరిగి లేచేటప్పుడు దాన్ని పట్టి ఉంచాల్సింది షాకే, ఆ పట్టు వీటిలో తక్కువ.

ఊళ్లో తిరిగినంతకాలం బాగానే ఉండేవి. మా అమ్మకైతే అవే నచ్చాయి. అసలు సంగతి దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కినప్పుడు బయటపడింది. వరుస మలుపుల్లో కారు ఒక పక్కకు ఒరిగి, అటునుంచి లేచేలోపే ఇంకో మలుపు వచ్చేది. "నాన్నా, కడుపులో తిప్పుతోందిరా, కాసేపు ఆపు" అని అమ్మ రెండుసార్లు ఆపించింది. దిగేటప్పుడు మరీ ఇబ్బంది. బ్రేక్ వేస్తే ముక్కు బాగా కిందికి వంగేది.

దానికి తోడు ఇంకో శబ్దం. ప్రతి స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ముందు నుంచి "టక్" మని వినిపించేది. టాప్ మౌంటింగులు (స్ట్రట్ పైభాగాన్ని బాడీకి పట్టి ఉంచేవి) మార్చాం, పోలేదు. మలుపుల్లో ఒరుగుడు తగ్గించే యాంటీ రోల్ బార్ లింకులు మార్చాం, పోలేదు. దాదాపు ఏడాది ఆ టెన్షన్‌తోనే నడిపాను. 24 వేల కిలోమీటర్లకు ముందు రెండు షాక్స్ నుంచీ ఆయిల్ కారడం మొదలైంది.

కారణం అనుకోకుండా దొరికింది. హైదరాబాద్‌లో ఇదే మోడల్ ఉన్న ఒక మిత్రుడి కారు పక్కన నా కారు నిలిపితే, నాది ఎత్తుగా కనిపించింది. టేపు తెచ్చి చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలిచాం. అతనిది 37 సెంటీమీటర్లు, నాది 39 దాటింది. నాకంటే ముందు కారు నడిపినాయన ఎత్తు కోసం పొడవాటి స్ప్రింగులు వేయించాడన్నమాట. నాలుగేళ్లుగా నేను షాక్స్‌నే అనుమానిస్తున్నాను, స్ప్రింగు వైపు ఒక్కసారీ చూడలేదు.

కారు ఎత్తుగా నిలబడితే షాక్ లోపలి కడ్డీ అప్పటికే బాగా బయటికి సాగి ఉంటుంది. బ్రేకర్ దిగేటప్పుడు చక్రం ఇంకా కిందికి జారాలి. జారడానికి చోటు లేక పిస్టన్ పైన గట్టిగా కొట్టుకుంటుంది. "టక్" అదే. రోజుకు పాతిక బ్రేకర్లు ఉన్న ఊళ్లో ఆ దెబ్బలకు సీలు ఎన్నాళ్లు తట్టుకుంటుంది? ఎంత ఖరీదైన షాక్ వేసినా ఆ స్ప్రింగుల మీద పాడయ్యేదే. ఈ గ్రూపు కార్లకు స్పేర్ వీల్ గుంతలోనూ సర్వీస్ పుస్తకంలోనూ ఒక స్టిక్కర్ ఉంటుంది. అందులో సస్పెన్షన్ కోడ్ చూడొచ్చు. 1బీఏ అంటే మామూలు రకం, 1బీఈ అంటే స్పోర్ట్. స్ప్రింగుల మీద కూడా రంగు చుక్కలు పెడతారు. అయితే కారు చేతులు మారి ఉంటే స్టిక్కర్ ఒకటి చెబుతుంది, కింద ఉన్నది ఇంకొకటి అవుతుంది. టేపుతో కొలవడమే నమ్మకం.

అందుకే 2020 మొదట్లో పద్ధతి మార్చాను. ముందు స్ప్రింగులు, తర్వాతే షాక్స్. పుణెలో ప్రమాదంలో దెబ్బతిన్న ఒక ఆర్‌ఎస్ నుంచి నాలుగు అసలు స్ప్రింగులు తెప్పించి, చివరి చుట్లు విరగలేదని చూసుకున్నాను. వాటి మీదికి బిల్‌స్టీన్ బీ6. చూడటానికి బాగుంటుందని బీ8 వేయమని కొందరన్నారు. బీ8 పొట్టి షాక్, కారును కిందికి దింపే స్ప్రింగులతో వాడాల్సింది. అసలు ఎత్తున్న స్ప్రింగులకు బీ6 సరైనది. పొట్టిది వేసి ఉంటే మళ్లీ అదే "టక్" దగ్గరికి వచ్చేవాణ్ణి.

ఖర్చు మొత్తం అరవై వేలు దాటింది. మాకు అది చిన్న మొత్తం కాదు, ఇంట్లో మాట్లాడుకునే చేయించాను.

బిగించే రోజు మేస్త్రి గారి పక్కనే ఉన్నాను. ఈ కార్లలో ముందు స్ట్రట్ కింది భాగం చక్రాన్ని మోసే హబ్‌లోని గుండ్రటి పట్టులో దిగి ఉంటుంది. ఆ పట్టుకు ఒక చీలిక ఉంటుంది. దాన్ని కాస్త విడదీస్తేనే స్ట్రట్ జారుతుంది. కంపెనీ పనిముట్టు ఉంది, లేనివాళ్లు ఉలి పెట్టి సుత్తితో కొడతారు. నేను వద్దని బతిమాలితే ఆయన ఒక ఆలెన్ కీని గ్రైండర్ మీద అరగదీసి, చీలికలో పెట్టి మెల్లగా తిప్పారు. స్ట్రట్ తేలిగ్గా వచ్చేసింది. టాప్ మౌంటింగ్, దాని బేరింగ్, బంప్ స్టాప్ (షాక్ పూర్తిగా నొక్కుకుంటే ఆపే దిమ్మ), దుమ్ము తొడుగు అన్నీ కొత్తవి వేశాం. పాత బేరింగుతో కొత్త షాక్ వేస్తే స్టీరింగ్ తిప్పినప్పుడు స్ప్రింగు పట్టేసి శబ్దం చేస్తుంది.

వెనక షాక్‌కు కింద రబ్బరు బుష్ ఉంటుంది. దాని బోల్టును కారు గాలిలో ఉండగా పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆనాక, కారు బరువు పడ్డాక బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది. ఈ ఒక్క పని చాలా షెడ్లలో చెయ్యరు. పక్కన నిలబడి అడిగి చేయించుకోండి. ఆ తర్వాత అలైన్‌మెంట్ తప్పదు. ఈ కారుకు ముందు టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మాత్రమే విడిగా సర్దుతారు. క్యాంబర్ (చక్రం పైభాగం ఒరిగే కోణం) రెండు పక్కలా సమానం చేయాలంటే సబ్‌ఫ్రేమ్‌ను (ముందు సస్పెన్షన్ బిగించి ఉండే కింది ఫ్రేమ్) కాస్త జరపాలి.

ఇప్పుడు ఓడోమీటర్ 1,97,000 చూపిస్తోంది. అంటే బీ6లు 61 వేల కిలోమీటర్లు తిరిగాయి. ఒక్క చుక్క ఆయిల్ కారలేదు. వంద వేగంలో ఎత్తుపల్లం వస్తే కారు ఒక్కసారి లేచి, కూర్చుంటుంది, అంతే. బీ6 మోనోట్యూబ్ రకం, అంటే ఒకే గొట్టం. అందులో గ్యాస్‌నూ ఆయిల్‌నూ ఒక పిస్టన్ విడదీసి ఉంచుతుంది కాబట్టి గుంతల రోడ్డు మీద గంటసేపు నడిపినా ఆయిల్ నురగెత్తదు, పట్టు సడలదు. పాత సెట్లతో ఎండాకాలం సూర్యాపేట దాటేసరికే ఊగుడు పెరిగేది. ఇప్పుడు హైదరాబాద్ చేరేదాకా ఒకే తీరు.

ఇబ్బంది లేదని చెప్పను. నలభై లోపు వేగంలో ప్రతి చిన్న రాయీ సీటు దాకా తెలుస్తుంది. కనకదుర్గ ఫ్లైఓవర్ మీద జాయింట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. గట్టి మోనోట్యూబ్ స్వభావమే అది. వెనక సీట్లో పెద్దవాళ్లను రోజూ ఊళ్లో తిప్పేవాళ్లయితే, వాళ్ల కారు స్ప్రింగుకు సరిపోయే మంచి ట్విన్‌ట్యూబ్ కొత్తది వేసుకోండి, వీటికి ఖర్చు పెట్టొద్దు. ఎత్తు రెండు సెంటీమీటర్లు తగ్గింది కాబట్టి మా వీధి చివరి బ్రేకర్‌ను ఇప్పుడు ఏటవాలుగా దాటాల్సి వస్తోంది.

పోయిన కార్తీకంలో అమ్మను మళ్లీ శ్రీశైలం తీసుకెళ్లాను. ఘాట్‌లో ఎక్కడా ఆపమనలేదు. సాక్షి గణపతి దగ్గర ఆపితే, "అప్పుడే వచ్చేశామా?" అంది. ఈ నెలలో లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద పట్టి ఉంచే చెయ్యి) బుష్‌లు మార్పిస్తున్నాను. ఇరవై ఏళ్ల రబ్బరు అది, షాక్స్ గట్టిపడ్డాక దాని వదులు బాగా తెలుస్తోంది.